చీలమండ విరిగాక వాపు తగ్గేదాకా ఆపరేషన్ ఎందుకు ఆపుతారు?

ప్రశ్న: మా అమ్మగారికి 58 ఏళ్ళు, షుగరు ఉంది. నాలుగు రోజుల క్రితం పశువుల కొట్టం దగ్గర తడి గచ్చు మీద జారిపడడంతో కుడి చీలమండ రెండు వైపులా విరిగింది. నెల్లూరులో డాక్టరుగారు సగం పిండికట్టు వేసి, ప్లేట్లు వేయాలని చెప్పి, వాపు తగ్గాక ఎనిమిది రోజులకు రమ్మన్నారు. ఈలోగా ఎముక వంకరగా అతుక్కుంటుందేమోనని భయంగా ఉంది. బంధువుల్లో కొందరు పుత్తూరు కట్టు కట్టించమంటున్నారు, కొందరు చెన్నై తీసుకుపొమ్మంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: మీ డాక్టరుగారు సరైన మాటే చెప్పారు. చీలమండ దగ్గర ఎముకకూ చర్మానికీ నడుమ కండ దాదాపు ఉండదు. ఎముక విరిగినప్పుడు లోపల కారిన రక్తం, ఊరిన నీరు కలిసి ఆ పలుచని చర్మాన్ని డోలు తోలులా బిగిస్తాయి. అలాంటి చర్మాన్ని కోస్తే కుట్లు దగ్గరకు రావు, వచ్చినా అంచులు నల్లబడి పుండు పడి, చీము లోపలి ప్లేటు దాకా చేరవచ్చు. షుగరు ఉన్నవారిలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. ఎముక వారం పది రోజుల్లో గట్టిగా అతుక్కోదు కాబట్టి ఆ భయం అక్కరలేదు. మూడు వారాలు దాటితే మాత్రం సరిచేయడం కష్టమవుతుంది కనుక, చెప్పిన రోజున తప్పక వెళ్ళండి.

ఈ ఎనిమిది రోజుల్లో అన్నిటికన్నా ముఖ్యమైన పని కాలిని ఎత్తులో ఉంచడం. కుర్చీలో కూర్చుని కాలు స్టూలు మీద పెట్టుకుంటే చాలదు. వెల్లకిలా పడుకున్నప్పుడు పాదం గుండె కన్నా ఎత్తులో ఉండాలి. నులక మంచం నడుమ కుంగుతుంది కాబట్టి చెక్క మంచం మీద పడుకోబెట్టి, కాళ్ళ వైపు కోళ్ళ కింద రెండేసి ఇటుకలు పెట్టండి. మడత పెట్టిన బొంతనో, దిండ్లనో మోకాలి కింది నుంచి పిక్క పొడవునా పరిచి, మడమ దేనికీ ఆనకుండా గాలిలో వదిలేయండి. షుగరు ఉన్నవారికి మడమ ఒత్తుకుంటే అక్కడే పుండు పడుతుంది. మరుగుదొడ్డికి లేవక తప్పదు గానీ, విరిగిన కాలు నేల మీద మోపకూడదు, పని కాగానే మళ్ళీ పడుకోవాలి. కాలు కాసేపు వేలాడినా తగ్గిన వాపు తిరిగి వస్తుంది.

ఐసు ముక్కలను ప్లాస్టిక్ కవరులో వేసి, తువాలులో చుట్టి, కట్టు తడవకుండా 15 నుంచి 20 నిమిషాలు పెట్టి తీసేయండి. రెండు మూడు గంటలకొకసారి ఇలా చేయవచ్చు. అయితే షుగరు వల్ల పాదం మొద్దుబారి ఉంటే చలి తెలియక చర్మం దెబ్బతింటుంది కాబట్టి ముందుగా డాక్టరుగారిని అడగండి. కాలివేళ్ళను గంటకొకసారి ఆడిస్తూ ఉండమనండి. వావిలాకు కాపడం, నూనె మర్దన వద్దు. రెండూ ఇప్పుడు వాపును పెంచేవే. పుత్తూరు కట్టు మీద మన జిల్లాలో ఉన్న నమ్మకం నాకు తెలుసు. కానీ కీలు లోపల విరిగి పక్కకు జరిగిన ఎముక పైనుంచి కట్టే కట్టుతో తన చోటికి రాదు, పైగా వాచిన కాలిని బిగించి కడితే రక్తప్రసరణే ఆగవచ్చు. చర్మం మీద నీటి బొబ్బలు వస్తే వాటిని చిదపకుండా డాక్టరుగారికి చూపించండి.

చెన్నై ప్రయాణం మీ ఇష్టం. అయితే కావలి నుంచి నాలుగు గంటలు కాలు వేలాడేసుకుని కూర్చుంటే వాపు పెరుగుతుంది. తప్పదనుకుంటే వెనక సీటు మీద పడుకోబెట్టి, కాలు దిండ్ల మీద ఎత్తి తీసుకెళ్ళండి.

మాత్రలు వేసినా నొప్పి పెరుగుతూ పోయినా, వేళ్ళు తిమ్మిరెక్కినా, పాలిపోయి చల్లబడినా, నీలంగా మారినా, పిక్క నొప్పితో గట్టిపడినా, ఆయాసం వచ్చినా అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్ళండి. మామూలుగా తగ్గుతూ ఉంటే, ఎనిమిదో రోజున డాక్టరుగారు చర్మం మీద సన్నటి ముడతలు పడ్డాయా అని చూస్తారు. పడకపోతే మరో రెండు రోజులు ఆగమంటారు. అప్పుడు కూడా తొందరపెట్టకండి.