చంకకర్ర ఎందుకు విరుగుతోంది?

ప్రశ్న: పోలియో వల్ల చంకకర్రలతో నడుస్తాను. ర్యాంపు లేని ఆఫీసు మెట్ల ముందు ఆగిపోయిన మనిషిని బంకమట్టితో చేస్తున్నాను. ఆరేసరికి కర్ర, భుజం విరుగుతున్నాయి. లోపల ఇనుప తీగ పెట్టినా అంతే. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆ తీగే మీకు శత్రువు. ఆరి కాలేలోపు మట్టి 8–10 శాతం కుంచించుకుపోతుంది, ఇనుము కుంచించుకోదు. అందుకే పగులు.

కర్రను అసలు మట్టితో చేయకండి. చంక కింద 7 మి.మీ. గుంట వదిలి, బొమ్మ కాలాక 6 మి.మీ. ఇనుప కడ్డీని ఎం-సీల్‌తో బిగించండి. మట్టి ఒంటికి ఇనుప కర్ర ఆనితే ఆ బరువు చూసేవాళ్లకూ తెలుస్తుంది.

భుజం సంగతి వేరు. సన్నటి చెయ్యి ముందే ఆరిపోయి, ఇంకా తడిగా ఉన్న మొండేన్ని లాగుతుంది. అతికేముందు రెండు వైపులా గీతలు గీసి, నీళ్లలో చిక్కగా కలిపిన అదే మట్టి పూయండి. చేతికి తడిగుడ్డ చుట్టి, మొత్తం మీద పాలిథిన్ కప్పి పది రోజులు ఆరనివ్వండి. మట్టిలో నాలుగో వంతు కాల్చిన కుండపెంకుల పొడి కలపండి. మొండెం లోపల తొలిచి గోడ 1.5 సెం.మీ. మించకుండా ఉంచండి, అడుగున రంధ్రం తప్పనిసరి. తడి మిగిలితే బొమ్మ కాల్చే ఆవంలో ఆవిరికి పేలిపోతుంది.

ముఖంలో ఏడుపు పెట్టకండి, చూసేవాళ్లకు జాలి పుట్టుకొస్తుంది. దానికి బదులు మొదటి మెట్టును మనిషి ఛాతీ ఎత్తుకు పెంచండి. తప్పు కాలిది కాదు, మెట్టుదని అప్పుడు తెలుస్తుంది.

ప్రదర్శనలో పీఠం 75 సెం.మీ. దాటనివ్వకండి, చక్రాల కుర్చీలోంచి కనబడాలి. అంధులను తాకనివ్వండి.