14 ఏళ్ళ కుర్రాడికి మొదటి రైఫిల్ ఏది కొనాలి? మా మేనల్లుడితో నేను నేర్చుకున్నది

రాయగడ నుంచి ఒక అన్న అడిగారు, వాళ్ళబ్బాయికి 14 నిండాయట, తాతగారి వేట కథలు విని యూట్యూబ్‌లో వీడియోలు చూసి నాకూ వేట రైఫిల్ కావాలని నెలరోజులుగా పట్టుబట్టి కూర్చున్నాడట, మొదటిసారి ఏది కొనిస్తే మంచిదని. అన్నా, నాది పర్లాకిమిడి, ఇదే గొడవ నాలుగేళ్ళ కిందట మా అక్క కొడుకుతో నేనూ పడ్డాను కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు వేట సంగతి. మా తాతకి లైసెన్సున్న సింగిల్ బ్యారెల్ ఉండేది, మహేంద్రగిరి వైపు కొండల్లోకి వెళ్ళి కొండగొర్రెనో అడవి పందినో కొడితే వీధి వీధంతా వాటాలు పంచేవారంట. అది 1972కి ముందు మాట. ఆ ఏడాది వన్యప్రాణుల చట్టం వచ్చింది, ఇప్పుడు చెవులపిల్లి, కౌజు, గువ్వ ఏది కొట్టినా కేసే, మూడేళ్ళ వరకు జైలు గానీ లక్ష వరకు జరిమానా గానీ రెండూ గానీ పడొచ్చు, షెడ్యూల్ 1లో, అంటే చట్టం ఎక్కువ రక్షణ ఇచ్చిన జాబితాలో ఉన్న జంతువైతే మూడేళ్ళకి తక్కువ శిక్షే లేదు. పంది చేను పాడుచేస్తోందన్నా మనంతట మనం కొట్టకూడదు, ఫారెస్టువాళ్ళ ఆర్డరుండాలి. మన కోరాపుట్ వైపు చైత్ పరబ్‌కి, అటు పాడేరు వైపు ఇటుకల పండక్కి గిరిజనుల్లో మగాళ్ళు వేటకెళ్ళడం, ఉత్త చేతుల్తో వస్తే పేడనీళ్ళు చల్లడం మీ అబ్బాయి కూడా వినే ఉంటాడు, అది వాళ్ళ పండగ, వాళ్ళ ఆచారం, దాన్ని చూపించి మన పిల్లాడికి తుపాకీ ఇవ్వలేం కదా.

ఇంక అసలు తుపాకీ అంటే ఆయుధాల చట్టం ప్రకారం 21 నిండితేగానీ లైసెన్సే రాదు. మీ పేరున ఉన్నది వాడి చేతికిచ్చి పంపినా తప్పే. ఊళ్ళో ఎవరో నాటు తుపాకీ ఇప్పిస్తామంటారు, దయచేసి ఆ మాట చెవిన కూడా వేసుకోకండి, అవి పేలితే ముందుకే పేలాలని రూలేం లేదు.

మరి వీడియోల్లో అమెరికా పిల్లలు పట్టుకునేవేంటంటే, అక్కడ చట్టం వేరు, అక్కడ పిల్లాడికి మొదట 22 బోరు రైఫిలిస్తారు (బోరంటే గొట్టం లోపలి వెడల్పు), దుప్పి లాంటి వాటికి వెళ్ళే వయసొచ్చాక 243 బోరు లాంటిది. ఎందుకో మీ అబ్బాయికి చెప్పండి, ఆ కారణం మనకీ పనికొస్తుంది. వెనక్కి తన్నే తుపాకీ చిన్న వయసులో ఇస్తే గుండు పేలకముందే పిల్లాడు కళ్ళు మూసుకుని భుజం బిగించేస్తాడు, ఆ అలవాటు ఒకసారి పడిందా పోగొట్టడం చాలా కష్టం. అందుకే అక్కడ తెలిసినవాళ్ళు పెద్దది కొనరు, పిల్లాడి ఒంటికి సరిపోయేదే కొంటారు.

నేను సరిగ్గా ఇక్కడే తప్పు చేశాను. మనకి లైసెన్సు లేకుండా దొరికేది 177 బోరు ఎయిర్ రైఫిల్, మందుగుండు లేకుండా గాలి ఒత్తిడితో పెల్లెట్ అనే చిన్న సీసం గుండు కొట్టేది, బోరు 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌల్స్ దాటకూడదు. 22 బోరు ఎయిర్ రైఫిల్‌కి ఆ మినహాయింపు లేదు, షాపువాడు పర్లేదన్నా తీసుకోకండి. నేను వెళ్ళి ఆ లిమిట్లో అన్నిటికంటే పవరున్నది, పైన ఇంత పొడుగు స్కోపు, అంటే గురి చూసే దుర్బిణి ఉన్నది తెచ్చాను, ఎక్కువ పవరుంటే ఎక్కువ మంచిదనుకున్నా. మావాడికప్పుడు 13. బ్యారెల్ (గొట్టం) కిందికి వంచి లోపలి స్ప్రింగ్ ఎక్కించడానికి మోకాలు అడ్డం పెట్టి రెండు చేతుల్తో లాగేవాడు, పది షాట్లు కొట్టేసరికి చేతులు వణికేవి, ఆ వణుకుతో స్కోపులో చూస్తే చుక్క గంతులేస్తోంది మామయ్యా అనేవాడు. పిల్లాడు ఏడుపు మొహంతో లోపలికెళ్ళిపోయాడు, రెండు నెలలు ముట్టుకోలేదు. తర్వాత అది అమ్మేసి ప్రెసిహోల్ అనే కంపెనీ వాళ్ళ మామూలు స్ప్రింగ్ మోడలొకటి, తేలిగ్గా ఎక్కేది, స్కోపు లేకుండా తెచ్చాను. స్కోపు లేకపోవడమే మేలైంది. వెనక గాటు, ముందు ముల్లు, ఆ రెండూ కలిపి చూడ్డం వస్తే మిగతాది అదే వస్తుంది.

ఇంకో సంగతి, ఇది నాకు ఎవరూ చెప్పలేదు. మావాడు కుడిచేతి వాటం, కానీ ఎంత కొట్టినా గుళ్ళన్నీ ఎడం పక్కకే పోయేవి. ఒకరోజు ఊరికే, రెండు చేతులూ చాపి అరచేతుల మధ్య చిన్న సందు చేసి అందులోంచి గోడ మీద గడియారం చూడరా అన్నాను, చూశాడు, ఇప్పుడు ఎడం కన్ను మూయి అన్నాను, గడియారం మాయమైంది. అంటే వాడిది ఎడమకన్ను రాజ్యం. రైఫిల్ ఎడమ భుజానికి మార్పించాం, మొదటి వారం చాలా చిరాకు పడ్డాడు, నెలకల్లా అన్నీ అరచేయంత జాగాలో పడ్డం మొదలెట్టాయి. కొనే ముందే మీవాడికి ఈ పరీక్ష చేయండి, ఎందుకంటే కొన్ని రైఫిళ్ళ కర్ర కుడివాటానికే చెక్కి ఉంటుంది. కొలత కూడా చూడండి, రైఫిల్ మడమ, అంటే భుజానికి ఆనే వెనక చివర, మోచేతి మడతలో ఆనిస్తే చూపుడువేలు ట్రిగ్గర్ దగ్గరికి హాయిగా అందాలి, సాగదీయాల్సొస్తే అది వాడికి పొడుగెక్కువ. కాబట్టి అబ్బాయిని షాపుకి తీసుకెళ్ళే కొనండి, బిల్లు మాత్రం మీ పేరునే చేయించండి, ఆధార్ జిరాక్స్ పట్టుకెళ్ళండి అడుగుతారు.

పెల్లెట్లు కాగితానికి కొట్టేటప్పుడు చదును మూతివి తీసుకోండి, గుండ్రంగా కన్నం పడుతుంది, స్కోరు తెలుస్తుంది. అవి సీసంవి, కొట్టాక చేతులు కడుక్కోకుండా అన్నం దగ్గర కూర్చోనివ్వకండి. పెల్లెట్ లేకుండా ఖాళీగా పేల్చనివ్వకండి, లోపల స్ప్రింగూ వాషరూ పాడవుతాయి. పెల్లెట్ పెట్టేటప్పుడు ఒక చెయ్యి బ్యారెల్ మీదే ఉండాలి, వదిలేస్తే ట్రిగ్గర్ తగిలి టక్కున మూసుకుంటుంది, వేళ్ళు నలిగిపోతాయి.

ఇది బొమ్మ కాదన్నా. మా వీధిలోనే ఒక కుర్రాడు రాతి గోడకి డబ్బా పెట్టి కొడితే పెల్లెట్ తిరిగొచ్చి కంటికింద చీరేసింది, ఇంకో వేలెడు పైకైతే కన్ను పోయేది. ఆ రోజు రక్తం చూశాక నేను మా పెరట్లో పుట్టమన్నుతో నిలువెత్తు దిమ్మ కట్టించి దానిముందు పాతబట్టలు కుక్కిన గోనె సంచి పెట్టాను, సంచి మీద గురి పెట్టే కార్డు. పది మీటర్లు టేపుతో కొలిచి సున్నంతో గీత గీశాం, గీత దాటి ఎవరున్నా రైఫిల్ ఎక్కించకూడదు. వాడిన తర్వాత బీరువాలో, తాళం నా దగ్గర.

ఒకసారి మావాడు మామిడి చెట్టు మీద గువ్వకి గురిపెట్టాడు. నేను అరవలేదు, రైఫిల్ తీసుకుని నెలరోజులు తాళం వేసేశాను, తాత కాలంలో తిండి కోసం కొట్టారు, నీకు ఇంట్లో అన్నముంది కదరా అన్నాను. అర్థమైంది వాడికి, ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ చెట్టువైపు ఎత్తలేదు.

వేట మోజు తగ్గాలంటే ఆటలో ఉన్న కష్టం చూపించండి. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో టార్గెట్ మధ్య చుక్క అర మిల్లీమీటరే, పెల్లెట్ కంటే చిన్నది, నిలబడి 60 షాట్లు కొట్టాలి. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారు పతకం కొట్టింది ఇందులోనే, 2012లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ లండన్‌లో కాంస్యం తెచ్చిందీ ఇందులోనే. మావాడికి నారంగ్ సంగతి చెప్పిన రోజు నుంచి అడవి మాట తగ్గింది. నిజం తుపాకీ పట్టాలన్న కోరిక మరీ ఉంటే స్కూల్లో ఎన్‌సీసీ ఉందేమో కనుక్కోండి, క్యాంపుల్లో 22 రైఫిల్ ఫైరింగ్ దగ్గరుండి నేర్పిస్తారు, జిల్లా రైఫిల్ అసోసియేషన్ అందుబాటులో ఉంటే అదీ మంచి దారే.

మీరింకా కొనలేదు కాబట్టి ఒక ఆదివారం అబ్బాయిని తీసుకుని పర్లాకిమిడి రండి అన్నా, పొద్దున్న బండెక్కితే మధ్యాహ్నం భోజనానికి ఇక్కడుంటారు. మావాడిప్పుడు 17, మీవాడికి వాడే చూపిస్తాడు, మా రైఫిల్‌తోనే ఓ యాభై పెల్లెట్లు కొట్టించి చూసి, చెయ్యి ఎక్కడ వణుకుతుందో, ఏ కన్ను చూస్తుందో తెలిశాక అప్పుడు కొనండి.