నడుము ఎక్స్‌రే మీద సంతకం పెట్టే ముందు

చి. సుధకు పెద్దమ్మ ఆశీస్సులు.

వచ్చే నెల నుంచి జిల్లా ఆసుపత్రిలో రిపోర్టులన్నీ నువ్వే రాస్తావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. వీధిలో అందరికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఎవరిదో నడుము ఎక్స్‌రే చూసి "వయసు వల్ల అరుగుదల" అని రాసేస్తావేమోనని నా భయం.

అంచు గట్టిపడని గుండ్రటి చిల్లులు పుర్రెలోనో తొడ ఎముకలోనో కనిపిస్తే మైలోమాను, అంటే మూలుగలోని ప్లాస్మా కణాలకు వచ్చే క్యాన్సర్‌ను, అనుమానించాలని నీకు తెలుసు. అవి కనపడనప్పటి సంగతే నేను చెప్పేది.

నీకు పూతరేకులు తెచ్చిపెట్టే మా రాజమండ్రి వదిన గుర్తుందా? ఆవిడకు నడుము నొప్పి. ఎక్స్‌రేలో ఒక వెన్నుపూస కుంగింది. ఎముకలు గుల్లబారాయని కాల్షియం, నొప్పి మాత్రలు ఇచ్చారు. తర్వాత ఎవరో బోన్ స్కాన్ తీయించి, ఏమీ లేదని క్యాన్సర్ మాటే వదిలేశారు. ఆ స్కానులో వెలిగేది కొత్త ఎముక కట్టుకునే చోటు. మైలోమా ఎముకను తింటుంది, మళ్లీ కట్టుకోనివ్వదు. ఇక ఏం వెలుగుతుంది? ఎముక కట్టుకునేటప్పుడు రక్తంలో పెరిగే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ మామూలుగా ఉందని ఇంకాస్త ధీమా. అదే కాగితం మీద హిమోగ్లోబిన్ 8కి పడింది, రక్తకణాలు అడుగుకు దిగే వేగం చెప్పే ఈఎస్ఆర్ నూరు దాటింది. మూడింటినీ కలిపి చదివినవాళ్లు లేరు. మూత్రంలో ప్రోటీన్ లేదని స్ట్రిప్ చెప్పింది. స్ట్రిప్‌కు దొరికేది అల్బుమిన్, మైలోమా కణాలు వదిలే లైట్ చైన్లు అనే ప్రోటీన్ కాదు. 1845లోనే లండన్‌లో బెన్స్ జోన్స్ అనే డాక్టరు మూత్రాన్ని మరిగించి, చల్లార్చి ఆ ప్రోటీన్‌ను పట్టుకున్నాడు. మనవాళ్లు స్ట్రిప్ చూసి ఊరుకున్నారు. ఈలోగా నొప్పి మాత్రలు కూడా తోడై కిడ్నీలు పాడయ్యాయి. పాపం, ఆవిడ చివరిదాకా ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. నాకే ఇప్పటికీ కోపం.

ఎముకలో మూడో వంతుకు పైగా ఖనిజం పోతేగాని ఎక్స్‌రేలో చిల్లు తెలియదు. అనుమానం వస్తే తక్కువ రేడియేషన్‌తో ఒళ్లంతా సీటీ తీయించు. 5 మిల్లీమీటర్ల చిల్లు కూడా లెక్కలోకి వస్తుంది. అలాగని బొమ్మ చూసి మైలోమా అని తేల్చేయకు. రొమ్ము, ఊపిరితిత్తి, కిడ్నీ క్యాన్సర్లూ ఇలాగే ఎముకను తొలుస్తాయి. చిన్నప్పుడు జవాబు చూసుకుని లెక్క చేసేదానివి, ఆ అలవాటు ఇక్కడ పనికిరాదు. మూలుగలో ప్లాస్మా కణాలు 10 శాతమైనా ఉండాలి, లేదా గడ్డ నుంచి తీసిన ముక్కలో అవి రుజువు కావాలి. హిమోగ్లోబిన్, కాల్షియం, క్రియాటినిన్, మైలోమా ప్రోటీన్‌ను పట్టే ఎలక్ట్రోఫొరెసిస్, ఇమ్యునోఫిక్సేషన్, ఫ్రీ లైట్ చైన్ల పరీక్షలు చేయించమని రిపోర్టు చివర విడమరిచి రాయి. పెద్ద డాక్టరు విసుక్కుంటే విసుక్కోనీ.

రోగి కాళ్లు పట్టు తప్పుతున్నాయన్నా, మూత్రం బిగిసిందన్నా వెన్నుపాము నలుగుతోందేమో, తెల్లారేదాకా ఆగకు, ఆ రాత్రే ఎంఆర్ఐ తీయించు.

ఫిల్ము అర్థం కాకపోతే పేరు తీసేసి నాకు ఫోనులో పంపు. మొహమాటపడ్డావో, మీ అమ్మకు చెప్తాను.

మీ పెద్దమ్మ