బ్రెజిల్ పుస్తకాలు, మే 13

బ్రెజిల్ సాహిత్యంలో ఆ దేశపు చరిత్ర, సమాజం ఎలా కనిపిస్తాయి, చదవడం ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు కదా. ఉద్యోగం మీద రెండేళ్లు సావో పాలోలో ఉన్నాను. పోర్చుగీసు కూడబలుక్కుని చదివే దాకా వచ్చింది, మిగతాది ఇంగ్లీషు అనువాదాల్లో చదివాను. నాకు అర్థమైనంతలో చెప్తాను.

ముందు ఒక తేదీ గుర్తుపెట్టుకోండి, 1888 మే 13. బ్రెజిల్‌లో బానిసత్వం చట్టప్రకారం రద్దయిన రోజు. అమెరికా ఖండాల్లో అందరికంటే ఆఖరున రద్దు చేసిన దేశం అదే. అప్పటికి సుమారు 50 లక్షల మంది ఆఫ్రికన్లను అక్కడికి ఓడల్లో తెచ్చారు. పొమ్మన్నప్పుడు వాళ్ల చేతిలో సెంటు భూమి కూడా పెట్టలేదు. చట్టంలోంచి పోయింది ఇంట్లో, పొలంలో, దొర లెక్కల పుస్తకంలో ఎలా మిగిలిపోయిందన్నదే నాకు నచ్చిన బ్రెజిల్ పుస్తకాలన్నిటిలో కనిపించింది.

రియోలో వలోంగో అని పాత రేవు ఉంది, బానిసల ఓడలు ఆగిన చోటు. 1843లో కొత్త మహారాణి దిగడానికని దాని మీద వేరే రాళ్లు పరిచి కప్పేశారు. 2011లో తవ్వకాల్లో మళ్లీ బయటపడింది. నేను వెళ్లిన రోజు సన్నగా వాన, కింద గుంతలో ఆ రాళ్లు తడిసి నల్లగా ఉన్నాయి, చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. నవలా రచయిత మషాదో ద అసిస్ 1839లో పుట్టింది ఆ పక్కనున్న లివ్రమెంతో కొండ మీదే, ఆయన తండ్రి తల్లిదండ్రులు బానిసత్వం నుంచి విడుదలైనవాళ్లు. బ్రాస్ కూబాస్ అనే చనిపోయిన దొర తన కథ తనే చెప్పుకునే ఆయన నవలలో (1881) ఒక చిన్న అధ్యాయం ఉంది. చిన్నప్పుడు ఈ దొరబిడ్డ ప్రుదెన్సియో అనే బానిస కుర్రాడి నోటికి తాడు కట్టి గుర్రంలా ఎక్కి తిరిగేవాడు, వాడు మూలిగితే నోర్మూసుకోమనేవాడు. ఏళ్లు గడిచాక వలోంగో వైపు నడుస్తుంటే నడిబజారులో ఒకడు తన బానిసను కొరడాతో బాదుతున్నాడు, చూస్తే ప్రుదెన్సియోనే! విడుదలై, తనకంటూ ఒక బానిసను కొనుక్కుని, తను పడ్డ మాటలే వాణ్ని అంటున్నాడు. ఇక వదిలెయ్ అని పాత దొర అనగానే ఆపేస్తాడు, అయ్యగారు చెప్తే చాలంటాడు. రెండు పేజీలు కూడా ఉండదు, నాకు మాత్రం ఆ రాత్రి నిద్రపట్టలేదు.

తర్వాత గ్రాసిలియానో రామోస్, 1938లో వచ్చిన 'విదాస్ సెకాస్', అంటే ఎండిపోయిన బతుకులు. ఈశాన్య బ్రెజిల్ కరువు సీమ కథ. ఫాబియానో పశువుల కాపరి, పుట్టిన దూడల్లో నాలుగో వంతు, మేకపిల్లల్లో మూడో వంతు అతని వాటా, అవి కూడా తిండికి చాలక ముందే దొరకు అమ్మేస్తాడు. లెక్క తేల్చుకునే రోజుకి ముందు భార్య సిన్యా విటోరియా నేల మీద గింజలు పేర్చి కూడికలు వేస్తుంది. దొర దగ్గర అంకె వేరే! ఏమిటీ తేడా అంటే వడ్డీ అంటాడు. బానిసలా పనిచేస్తూ విడుదల పత్రం ఎన్నటికీ దొరక్కపోవడమేనా అని ఫాబియానోకి మండుతుంది, వేరే చోటు చూసుకో అని దొర అనేసరికి టోపీ తీసి క్షమాపణ చెప్పుకుంటాడు. మా నాయనమ్మ పాల లెక్క బొగ్గుతో గోడ మీద గీతలు గీసేది, పాలు కొనేవాడి పుస్తకంలో ఎప్పుడూ ఒకటో రెండో తక్కువ ఉండేవి. అందుకేనేమో ఆ గింజల దగ్గర పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను.

కరోలినా మరియా ద జెసుస్ సావో పాలోలోని ఒక మురికివాడలో చెత్త కాగితాలు ఏరి ముగ్గురు పిల్లల్ని పెంచుకుంటూ రాసిన డైరీ 1960లో అచ్చయింది. పిల్ల పుట్టినరోజుకి చెప్పులు కొనే డబ్బు లేక, చెత్తలో దొరికిన జత కడిగి, బాగుచేసి తొడగడంతో అది మొదలవుతుంది. 1958 మే 13న, అంటే రద్దయి సరిగ్గా 70 ఏళ్లకు, ఈ కాలపు బానిసత్వంతో, అంటే ఆకలితో, పోరాడుతున్నానని రాసుకుంది.

బ్రెజిల్ అంటే అన్ని జాతులూ కలిసిపోయిన దేశం అని చెప్పేవాళ్లు మీకు చాలామంది తగులుతారు, సామాజిక శాస్త్రవేత్త జిల్బెర్తో ఫ్రెయ్‌రి 1933 నాటి పుస్తకం ఆ ఆలోచనకు బాగా ఊతమిచ్చింది. అదీ చదవండి, కానీ ముందు చదవొద్దని నా సలహా.

ఇప్పటి రచన కావాలంటే ఇతమార్ వియేరా జూనియర్ 'తోర్తో అరాదో', వంకర నాగలి. 2019లో బ్రెజిల్‌లో వచ్చింది, భూసంస్కరణల సంస్థలో పనిచేసిన మనిషి రాశాడు. బయియా రాష్ట్రంలో ఒక భూస్వామి నేల మీద కూలి లేకుండా పనిచేసే నల్లజాతి కుటుంబాలు. మట్టి ఇల్లు కట్టుకోవచ్చు, ఇటుక ఇల్లు కట్టకూడదు, ఎందుకంటే ఇటుకైతే నిలబడిపోతుంది, వీళ్లు ఇక్కడ ఎన్నేళ్లుగా ఉన్నారో చెప్పేస్తుంది.

మషాదో, రామోస్, కరోలినా, వియేరా, ఈ నలుగురి పుస్తకాలూ ఇంగ్లీషులో దొరుకుతాయి. రామోస్‌తో మొదలుపెట్టండి, చిన్న పుస్తకం, ఆదివారం ఒక్కరోజులో అయిపోతుంది.