వాటాకు తెలివి లేదట, వేలిముద్రకు మాత్రం ఉందట

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. అమ్మాయికి 26 ఏళ్లు, డౌన్ సిండ్రోమ్. కాస్త చదవడం, రాయడం వచ్చు. ఇంట్లో పాల లెక్క క్యాలెండర్ మీద తనే రాస్తుంది. మా వారు పోయిన ఏడాది వీలునామా రాయకుండా చనిపోయారు. ఆయన కష్టార్జితంతో కొన్న రెండెకరాలు, ఇల్లు ఉన్నాయి. "దానికేం తెలుసు, వాటా ఎందుకు? మేం చూసుకుంటాంగా" అంటున్నారు కొడుకులు. హక్కు వదులుకున్నట్టు కాగితం రాయించి అమ్మాయి చేత వేలిముద్ర వేయిస్తారట. సంరక్షకురాలిగా నన్నూ సంతకం పెట్టమంటున్నారు. పెట్టొచ్చా?

జవాబు: పెట్టకండమ్మా. వాటా అడిగితే తెలివి లేదు, వదులుకోవడానికి మాత్రం తెలివి ఉందా? ఈ రెండు మాటలూ ఒకే నోట ఎలా వస్తున్నాయో మీ అబ్బాయిలనే అడగండి. పాల లెక్క రాసే పిల్లకు వేలిముద్ర ఎందుకో కూడా అడగండి.

మీవారి స్వార్జితం కాబట్టి, మీ అత్తగారు బతికి లేకపోతే, మీరు, ముగ్గురు పిల్లలు, నలుగురికీ సమాన వాటాలు. అమ్మాయిది నాలుగో వంతు. జబ్బు, లోపం ఉన్నాయన్న కారణంతో ఎవరికీ వారసత్వం పోదని హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షన్ సూటిగా చెబుతోంది. డౌన్ సిండ్రోమ్ అంటే 21వ క్రోమోజోమ్ రెండుకు బదులు మూడు ఉండటం, అంత మాత్రాన వాటా తగ్గదు. ఆస్తి కలిగి ఉండటంలో, డబ్బు వ్యవహారాలు నడుపుకోవడంలో వికలాంగులకు అందరితో సమాన హక్కు ఉందని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 13వ సెక్షన్ కూడా చెప్పింది. లావాదేవీలో సాయం చేసే మనిషి ప్రయోజనం, ఆమె ప్రయోజనం ఢీకొంటే ఆ మనిషి పక్కకు తప్పుకోవాలన్నదీ అందులోనే ఉంది. ఆమె వాటా తమకు రాయించుకునే అన్నలు ఆమె తరఫున మాట్లాడటం కుదరదు.

ఇక మీ సంతకం సంగతి. చాలామంది తల్లులు ఇక్కడే పొరబడతారు. బిడ్డకు 18 నిండాక కన్నతల్లి అయినా చట్టం దృష్టిలో దానంతటదే సంరక్షకురాలు కాదు. నియామకం కావాలి. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ ఉండే స్థానిక స్థాయి కమిటీ ఆ పని చేస్తుంది. సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం), ఆధార్, వయసు రుజువు తీసుకుని జిల్లా కేంద్రంలోని విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ ఆఫీసులో అడగండి. అసలు సంరక్షకులు అవసరమా, ఏయే పనులకు అవసరం అన్నది కమిటీ ముందు చూడాలి. అందుకే అమ్మాయిని వెంట తీసుకెళ్లండి, ఆమెనే మాట్లాడనివ్వండి. ఆ క్యాలెండర్ కూడా పట్టుకెళ్లండి, నవ్వులాటకు చెప్పడం లేదు.

నియామకమయ్యాక ఆరు నెలల్లో ఆమె ఆస్తుల జాబితా కమిటీకి ఇవ్వాలి, ఏటా లెక్క చూపాలి. సంరక్షకురాలినన్న పేరుతో ఆమె వాటా వదిలేయడం కుదరదు. ఎప్పుడైనా అమ్మక తప్పకపోతే ముందు కోర్టు అనుమతి తీసుకోవడం క్షేమం.

కొడుకులు వినకపోతే భాగ పంపకానికి దావా వేయొచ్చు. అమ్మాయి తన వ్యవహారం తాను చూసుకోలేకపోతోందని కోర్టు భావిస్తే, ఆమె తరఫున మీరే ప్రతినిధిగా నిలబడొచ్చు. ఖర్చు గురించి టెన్షన్ పడకండి. మహిళలకు, వికలాంగులకు న్యాయ సేవాధికార సంస్థ లాయరును ఉచితంగా ఇస్తుంది.

వాళ్లు ఇప్పటికే వేలిముద్ర వేయించి ఉంటే ఆలస్యం చేయకండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ కాగితం నకలు తీసుకుని లాయరును కలవండి. ఆ రోజు అందులో ఏముందో ఆమెకు అర్థమైందా అన్నదే అసలు ప్రశ్న అవుతుంది. అర్థం కాలేదని తేలితే ఆ దస్తావేజు నిలవదు.

మీ నాలుగో వంతు మీ ఇష్టం. అమ్మాయి పేర వీలునామా రాస్తారో, ఆమె కోసం ట్రస్ట్ పెడతారో, ఆరోగ్యం బాగున్నప్పుడే తేల్చుకోండి.