సెకండ్‌హ్యాండ్ ఎస్‌యూవీ: పార్టు కన్నా లేబరే బరువు

ప్రశ్న: ఎనిమిదేళ్ల డీజిల్ ఎస్‌యూవీ ఒకటి బేరానికి వచ్చింది. 1,10,000 కి.మీ. తిరిగింది, మాన్యువల్ గేర్లు. పైకి ముచ్చటగానే ఉంది. పెద్ద ఖర్చులు పెట్టించేవాటిని ముందే పట్టుకోవడం ఎలా?

జవాబు: ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి. మీరు వెళ్లేసరికి బానెట్ వెచ్చగా ఉంటే మర్నాడు పొద్దున్నే వస్తామని చెప్పి వచ్చేయండి. స్టార్ట్ చేయగానే ఒకటి రెండు సెకన్లు గలగలమని ఆగిపోతే టైమింగ్ చైన్ (పిస్టన్లు, వాల్వుల కదలికలను జతకలిపే గొలుసు) సాగిందనో, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ పట్టు తప్పిందనో అనుమానించాలి. వేడెక్కాక ఆ చప్పుడు వినపడకపోవచ్చు.

చైన్ బదులు బెల్టు ఉన్న ఇంజినైతే చాలాసార్లు ఆ మాత్రం హెచ్చరిక కూడా ఉండదు. తెగిందంటే పిస్టన్లు తగిలి వాల్వులు వంగుతాయి, హెడ్ విప్పక తప్పదు. బెల్టు మార్చిన బిల్లు చూపించలేకపోతే మార్చలేదనే లెక్కవేసి ధర తగ్గించి అడగండి. బెల్టుతోపాటే టెన్షనర్, ఐడ్లర్ పుల్లీలు మార్పించండి. వాటర్ పంపు కూడా ఆ బెల్టుతోనే తిరిగేదైతే దాన్నీ వేయించండి. ఆరు నెలలకు పంపు కారడం మొదలైతే అదే లేబర్ మళ్లీ కట్టాలి.

డ్యాష్‌బోర్డులో లైట్లేవీ వెలగడం లేదని మురిసిపోకండి. స్కానర్‌తో లోపాల కోడ్లు చెరిపేస్తే లైటు ఆరిపోతుంది. స్కానర్‌లోనే ‘కోడ్లు చెరిపాక తిరిగిన దూరం’, ‘రెడీనెస్ మానిటర్లు’ (బండి తనను తాను పరీక్షించుకోవడం పూర్తయిందో లేదో చెప్పేవి) అని ఉంటాయి. దూరం 20 కి.మీ. ఉండి, మానిటర్లు పూర్తికాలేదని చూపిస్తే ఈమధ్యే ఎవరో కోడ్లు చెరిపారన్నమాట. కొన్ని బళ్లలో బ్యాటరీ తీసి పెట్టినా ఇలాగే చూపిస్తుంది కాబట్టి, అడిగి చూడండి. జవాబు తడబడితే వదిలేయండి.

క్లచ్ సంగతి రోడ్డు మీద తేలుతుంది. ఖాళీ రోడ్డులో నాలుగో గేరులో, సుమారు 1,500 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం ముల్లు ఎగబాకి, వేగం మాత్రం దానికి తగ్గట్టు పెరగకపోతే క్లచ్ జారుతోంది.

ప్రశ్న: క్లచ్ అయిపోయింది. మెకానిక్ ఫ్లైవీల్ కూడా మార్చాలంటున్నాడు. నిజమేనా, బిల్లు పెంచడానికా?

జవాబు: చాలా డీజిల్ ఎస్‌యూవీల్లో ఉండేది డ్యూయల్ మాస్ ఫ్లైవీల్. రెండు చక్రాల మధ్య స్ప్రింగులుంటాయి, ఇంజిన్ కుదుపును అవి మింగుతాయి. ఇంజిన్ ఆపేటప్పుడు టకటకమని కొట్టుకున్నా, న్యూట్రల్‌లో మోగుతున్న చప్పుడు క్లచ్ పెడల్ నొక్కితే మారినా అనుమానం దాని మీదకే వెళ్తుంది. అయితే పెడల్ మీద ఆధారపడే చప్పుడు రిలీజ్ బేరింగుది (పెడల్ నొక్కితే క్లచ్‌ను విడిపించేది) కూడా కావచ్చు. గేర్‌బాక్స్ దించాక మీ ఎదుటే రెండో చక్రాన్ని చేత్తో తిప్పించి, ఊపించి చూడండి. ఆ బండికి కంపెనీ ఇచ్చిన పరిమితి మించి ఆడితే మార్చాల్సిందే.

గేర్‌బాక్స్ దించి ఎక్కించడమే సుమారు 5 నుంచి 8 గంటల పని. ఫోర్‌వీల్ డ్రైవ్ అయితే ప్రొపెల్లర్ షాఫ్ట్ కూడా విప్పాలి కాబట్టి ఇంకా ఎక్కువ. అందుకే ఒకసారి దించాక క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ మార్పించండి. క్రాంక్ వెనక ఆయిల్ సీలు చెమ్మగిల్లితే అదీ అప్పుడే. సీలు చవకైన వస్తువే, దాని దగ్గరికి చేరడమే ఖరీదు.

ప్రశ్న: డీపీఎఫ్ (డీజిల్ పొగలోని మసిని పట్టే ఫిల్టర్) లైటు మాటిమాటికీ వస్తోంది. పైగా డిప్‌స్టిక్ మీద ఆయిల్ పెరుగుతోంది. ఫిల్టర్ మార్చాలా?

జవాబు: వెంటనే వద్దు. ఫిల్టర్‌లో చేరిన మసి సుమారు 600 డిగ్రీల సెల్సియస్ వేడికి కాలిపోవాలి. ఆ వేడి కోసం ఇంజిన్ అదనంగా డీజిల్ చిమ్ముతుంది. రోజూ నాలుగైదు కి.మీ. తిరిగి ఆపేస్తే ఆ పని మధ్యలోనే ఆగిపోయి, కాలని డీజిల్ సిలిండర్ గోడల మీదుగా ఆయిల్‌లోకి దిగుతుంది. మీ డిప్‌స్టిక్ చూపేది అదే. గరిష్ఠ గీత దాటితే బండి నడపకండి, ఆయిల్, ఫిల్టర్ మార్పించండి. పల్చబడిన ఆయిల్ టర్బో బేరింగులను తినేస్తుంది. డీపీఎఫ్‌కు తగిన, బూడిద తక్కువ మిగిల్చే ఆయిల్ (ఏసీఈఏ ‘సీ’ తరగతి, మీ మాన్యువల్ చెప్పినది) పోయించండి.

తర్వాత చవకైన కారణాలు వెతకండి. థర్మోస్టాట్ (ఇంజిన్ కూలెంట్‌ను అదుపు చేసే వాల్వు) మూసుకోకుండా తెరిచే ఉండిపోతే ఇంజిన్ సరిగా వేడెక్కదు, చాలా బళ్లలో మసి కాల్చే పనే మొదలవదు. డీపీఎఫ్ ప్రెషర్ సెన్సర్ రబ్బరు గొట్టాలు చిట్లితే రీడింగ్ తప్పుతుంది. ఇవి బాగుచేసి, స్కానర్‌తో రీజెనరేషన్ (ఆ మసి కాల్చే పని) చేయించండి. మసి కాలుతుంది గానీ బూడిద కాలదు. బూడిదతోనే నిండితే విప్పి యంత్రంతో శుభ్రం చేయించవచ్చు, కొత్తదానికన్నా చాలా తక్కువలో అవుతుంది. మొత్తానికి తీయించేయమనే సలహా వినొద్దు, చాలా దేశాల్లో అది నేరం.

ప్రశ్న: ఆల్‌వీల్ డ్రైవ్ బండి. ఒక టైరు చీలింది. ఒక్కటే మార్చవచ్చా?

జవాబు: మిగతా మూడూ దాదాపు కొత్తవైతే సరే. అరిగినవైతే కొత్త టైరు చుట్టుకొలత పెద్దది, తిరిగే వేగం తేడా పడి, ముందు వెనక చక్రాలకు శక్తి పంచే సెంటర్ కప్లింగ్ ఆగకుండా జారి వేడెక్కుతుంది. గ్రూవ్ లోతుల మధ్య 2–3 మి.మీ. తేడా మించకూడదని చాలా కంపెనీల మాట. టైరు పక్కన డాట్ కోడ్ చివరి నాలుగంకెలు తయారీ వారం, సంవత్సరం: 2319 అంటే 2019లో 23వ వారం.

ప్రశ్న: ముందు చక్రాల దగ్గర చప్పుడు. ఏది పోయిందో ఎలా తెలుస్తుంది?

జవాబు: చిన్న గతుకుల్లో టకటకలాడితే ముందు స్టెబిలైజర్ లింకులు చూడండి, ఒక్కొక్కటీ గంటలోపు పని. బ్రేకు వేసినప్పుడు ధబ్‌మంటే లోయర్ ఆర్మ్ బుష్‌లు. వేగంతోపాటు పెరిగే గుంయ్‌మనే మోత, కుడికి తిప్పితే పెరిగితే ఎక్కువగా ఎడమ చక్రపు బేరింగు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలినప్పుడు కటకటమంటే డ్రైవ్ షాఫ్ట్ జాయింటు. దాని రబ్బరు బూట్ చిరిగినా చప్పుడింకా మొదలవకపోతే బూట్ మార్చి, గ్రీజు పెట్టిస్తే సరిపోవచ్చు.