గొర్రెలు కొనే ముందు గడ్డిని చదువు, అల్లుడూ

అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి ఫిరంగిపురం దగ్గర మీ తాత పొలంలో గొర్రెలు పెడతానంటున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. వంద గొర్రెలకు బేరం కూడా నడుస్తోందట. అక్కకి టెన్షన్‌గా ఉంది, నాకైతే సంతోషమే. కానీ ఆ అడ్వాన్సు మాత్రం ఇప్పుడే ఇవ్వకు. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం పొలం మీద తిరిగాక కొను. ఈలోపు ఎక్కడికి వెళ్లి, ఎవరి దగ్గర ఏం నేర్చుకోవాలో రాస్తున్నాను. ఫోన్లో చెబితే సగం గాల్లో పోతుంది.

నేను నీ వయసులో నలభై గొర్రెలు కొన్నాను. మొదటి ఏడాది గడ్డి మోకాలెత్తు ఉంది. ఇల్లు దగ్గరని రోజూ ఆ వాలులోనే మేపాను. మూడో ఏడాదికి అక్కడ వెంపలి, తంగేడు తప్ప ఏమీ మిగల్లేదు. మంద వదిలేసే మొక్కలు అవే. అవి పెరుగుతున్నాయంటే తినే గడ్డి చచ్చిపోతోందని అర్థం. అది నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ ఏడే తొలకరి పడగానే, ఆకలి మీదున్న మందను లేత పచ్చిక మీదికి వదిలాను. సాయంత్రానికి మూడు, తెల్లారేసరికి ఇంకో ఆరు పోయాయి. చిటుక రోగం. వానలకు ముందే టీకా వేయించి ఉంటే అవి బతికేవి. ఆ ఉదయం ఇప్పటికీ నా కళ్లముందు ఉంది.

తర్వాత కంగారుపడి, ఒక ప్రైవేటు సంస్థ హోటల్లో పెట్టిన రెండు రోజుల ట్రైనింగుకి డబ్బు కట్టాను. ఎంత లాభమో తెరమీద లెక్కలు చూపించారు, చివర్లో నేపియర్ గడ్డి ముక్కలు అమ్మారు. ఆ రెండు రోజుల్లో ఒక్క గొర్రెనీ చూపించలేదు. అందుకని నీకు ముందే చెబుతున్నాను, ఏ శిక్షణకు వెళ్లే ముందైనా పొలంలోకి తీసుకెళతారా అని అడుగు. లేదంటే వెళ్లకు.

నీ మొదటి బడి నీ పొలమే. వాలులో మూడు చోట్ల, ఒక్కోటి గజం పొడవు, గజం వెడల్పు ఉండేలా ఇనుప జాలీతో చిన్న గూళ్లు కట్టు. ఊళ్లో పశువులు ఎలాగూ నీ బీట్లో మేస్తూనే ఉంటాయి. జాలీ లోపల గడ్డి ఎంత పెరిగింది, బయట ఎంత మిగిలింది అని నెలకోసారి చూడు. నీ నేల అసలు ఎంత గడ్డి ఇవ్వగలదో ఆ గూడు చెబుతుంది. అదే చోట నిలబడి ప్రతి నెలా ఒక ఫోటో తీసి తేదీ రాసిపెట్టు.

ఇంకోటి, రెండు వైపులా మూత తీసేసిన పాత నూనె డబ్బా ఒకటి తీసుకో. రెండు వేళ్ల లోతు నేలలోకి దించి లీటరు నీళ్లు పొయ్యి. ఎన్ని నిమిషాల్లో ఇంకాయో వాచీ చూడు. వేపచెట్టు కింద ఆకులు పరుచుకున్న చోట ఒకసారి, పశువులు నడిచి గట్టిపడ్డ దారిలో ఒకసారి పోసి చూడు. నాకు చెట్టు కింద ఇట్టే ఇంకాయి, దారిలో మాత్రం అన్నం తినొచ్చేదాకా నీళ్లు నిలబడే ఉన్నాయి. వాన పడినా కొండవాలు ఎందుకు ఎండిపోతోందో నాకు ఆరోజు తెలిసింది. కందకాలు తవ్వించడం, కట్టలు వేయించడం దాని తర్వాత సంగతి. ముందు నేలమీద గడ్డి కప్పు ఉండాలి.

ఇక లెక్క. ఒక పెద్ద గొర్రెకు రోజుకు మూడు నాలుగు కిలోల పచ్చిమేత కావాలి. వంద గొర్రెలంటే రోజుకు దగ్గర దగ్గర నాలుగు వందల కిలోలు, నెలకు పన్నెండు టన్నులు. మే నెలలో అది ఎక్కడినుంచి వస్తుందో కాగితం మీద రాసి నాకు చూపించు. ఆ జవాబు రాకపోతే పాతిక గొర్రెలతో మొదలుపెట్టు.

రెండో బడి కాపరులది. మాగాణిలో వరి, మినుము తీసేశాక పల్నాడు వైపు నుంచి మందలు దిగుతాయి. ఎరువు కోసం రైతులు డబ్బిచ్చి రాత్రిళ్లు చేలో మంద కట్టించుకుంటారు. అక్కడికి వెళ్లి ఒక వారం వాళ్లతో నడువు. టీ, బీడీలతో పని జరుగుతుందనుకోకు, వాళ్ల పనిలో చెయ్యి వెయ్యి. రోజు కూలీ పోయినట్టు కాకుండా వాళ్లకు ఏదైనా ముట్టజెప్పు, అది గురుదక్షిణ. మంచు ఆరకముందు మందను ఎందుకు తోలరో అడుగు. గొర్రె కడుపులో చేరే పురుగుల పిల్లలు తడి గడ్డి మీద ఉంటాయని పుస్తకాల్లో రాసిందే వాళ్లు తరాలుగా పాటిస్తున్నారు. కాలవ గట్టున నత్తలున్న చోట ఎందుకు మేపరో అడుగు, కార్జపు జలగ అక్కడే పడుతుంది. కోసిన జొన్న మోళ్ల నుంచి వచ్చే పిలకల జోలికి మందను పోనివ్వరు. దాన్ని నాము అంటారు, తిన్న గొర్రె కళ్లముందే పడిపోతుంది. 2026ని ఐక్యరాజ్యసమితి పచ్చిక భూముల, పశుకాపరుల సంవత్సరంగా ప్రకటించింది. మన డొంకల్లో నడిచే ఈ మనుషులకు ఆ గౌరవం ఎప్పుడో దక్కాల్సింది.

మూడోది లాం ఫారం. గుంటూరు నుంచి అమరావతి రోడ్డులో బస్సెక్కితే ఎంతసేపో పట్టదు. అక్కడ వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది, ఒంగోలు జాతిని కాపాడుతున్న పశు పరిశోధనా స్థానం ఉంది, కృషి విజ్ఞాన కేంద్రం కూడా ఉంది. ఊరికే చూడ్డానికి వెళ్లకు, నోటుబుక్కులో పది ప్రశ్నలు రాసుకుని వెళ్లు. రాళ్ల నేలలో స్టైలో హమాటా అనే మేత మొక్క వస్తుందా అని అడుగు. ఆ విత్తనానికి పెంకు గట్టి. ఎనభై డిగ్రీల వేడినీళ్లలో నాలుగైదు నిమిషాలు ఉంచి, చల్లనీళ్లలో నానబెట్టి చల్లాలి. అది తెలియక మొలవలేదని విత్తనాన్ని తిట్టేవాళ్లను చాలామందిని చూశాను. అంజన్ గడ్డి, అవిస, సుబాబుల్ గురించి కూడా అడుగు. విజయవాడ వైపు పని పడితే గన్నవరం పశువైద్య కళాశాలకు వెళ్లు. రోగాల సంగతి అక్కడ అడిగితే మంచిది. ఊళ్లో రైతు సేవా కేంద్రంలో పశువైద్య సహాయకుడితో ఇప్పుడే పరిచయం పెంచుకో. టీకాల తేదీలు ఆయన చెబుతాడు. అత్యవసరమైతే పశువుల అంబులెన్సుకు 1962.

ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లను కూడా వదలకు. దాన్ని నడిపే రైతు సాధికార సంస్థ మన గుంటూరులోనే ఉంది. 2024లో ఈ కార్యక్రమానికి పోర్చుగల్ వాళ్ల గుల్బెంకియన్ బహుమతి వచ్చింది, ఇంకో ఇద్దరితో కలిపి. నాకు అందులో నచ్చింది బహుమతి కాదు, అక్కడ రైతుకు రైతే నేర్పడం. వానలకు ముందే నవధాన్యాల విత్తనాలకు మట్టి, ఘనజీవామృతం (ఆవు పేడతో చేసే ఎరువు) పట్టించి పొడి నేలలో చల్లుతారు. నేల ఖాళీగా ఉండదు, తొలకరికల్లా మేత కూడా వస్తుంది. మన డెల్టాలో వరి కోతకు ముందే చేలో పిల్లిపెసర, జనుము చల్లే అలవాటు ఉండేది కదా, మీ తాత తెనాలి చేలో అదే చేసేవాడు. పశువుకు మేత, నేలకు బలం.

యూట్యూబ్ చూస్తావని తెలుసు, చూడు. అమెరికాలో వేల ఎకరాల్లో పశువుల్ని మేపే రాంచర్లకు ఒక లెక్క ఉంది: గడ్డిలో సగం మేపు, సగం వదులు. అది మనకూ పనికొస్తుంది, ఎందుకంటే ఆకు సగానికి మించి పోతే వేరు పెరగడం కుంటుపడుతుంది. నువ్వు నాలుగు వేళ్ల ఎత్తు వదిలి మందను పక్క మడికి మార్చు. పొలాన్ని ముక్కలు చేసి ఒక్కో ముక్కలో నాలుగైదు రోజులకు మించి ఉంచకపోతే పురుగుల బెడదా తగ్గుతుంది. అయితే జింబాబ్వే ఆయన అలన్ సావరీ చెప్పినట్టు పెద్ద మందను దగ్గరగా నడిపిస్తే ఎడారి కూడా పచ్చబడుతుందన్న మాటను యథాతథంగా నమ్మకు. దానిమీద శాస్త్రవేత్తల మధ్యే గట్టి వాదన ఉంది. వాళ్ల కంచెలు వేరు, మన బీళ్లు వేరు. మన బీట్లోకి పక్క ఊరి గేదెలు కూడా వస్తాయి. అందుకే ఊరివాళ్లతో కూర్చుని ఏ వాలుకు ఎప్పుడు విశ్రాంతి ఇవ్వాలో మాట్లాడుకోవడం కూడా నీ చదువులో భాగమే. నా వల్ల అయ్యింది కాదు. నీకు ఓపిక ఎక్కువ.

ఝాన్సీలో గడ్డిజాతుల పరిశోధనా సంస్థ ఉంది, దాని ప్రాంతీయ కేంద్రం ధార్వాడలో ఉంది. మేకలకైతే మధుర దగ్గర మఖ్దూంలో శిక్షణ ఇస్తారు. అంత దూరం రెండో ఏడాది వెళ్లొచ్చు. నీ పొలం గురించి నీకే ప్రశ్నలు లేనప్పుడు వెళితే సర్టిఫికెట్ తప్ప ఏమీ రాదు.

వచ్చే ఆదివారం పొద్దున్నే ఫిరంగిపురం వస్తాను. ఇనుప జాలీ, కట్టుతీగ నేను తెస్తాను. నువ్వు పాత నూనె డబ్బా ఒకటి, రెండు బిందెల నీళ్లు, ఒక నోటుబుక్కు సిద్ధంగా పెట్టు. మీ అమ్మని మధ్యాహ్నానికి పప్పుచారు పెట్టమను.

మీ మావయ్య
గుంటూరు